మదనపల్లెకి మారిపోయిన ఐరిష్ మాస్టారు

మావైపు ఎవరైనా డిగ్రీ కాలేజీలో బీఏ చేస్తున్నానంటే, ఇంజనీరింగ్ సీటు రాలేదా అని అడుగుతారు. సీఎస్ఈ వదిలేసి లిటరేచర్‌కి మారితే ఎలా ఉంటుందని నేను కూడా అప్పుడప్పుడు అనుకుంటాను, ఇంట్లో మాత్రం చెప్పను. అందుకే నాకు జేమ్స్ కజిన్స్ కథ అంటే ఆసక్తి.

ఈయన 1873లో బెల్‌ఫాస్ట్‌లో పుట్టిన కవి. డబ్లిన్‌లో యేట్స్ లాంటి వాళ్ళ మధ్య తిరిగాడు. 1904లో జేమ్స్ జాయిస్ కొన్నాళ్ళు వీళ్ళింట్లోనే ఉన్నాడు. భార్య మార్గరెట్ సంగీతంలో డిగ్రీ చేసింది, ఆడవాళ్ళ ఓటు హక్కు కోసం జైలుకీ వెళ్ళింది. 1915లో ఇద్దరూ మద్రాసు వచ్చారు. అనిబిసెంట్ నడిపే న్యూ ఇండియా పత్రికలో ఆయనకి ఉద్యోగం.

మరుసటి ఏడాదే డబ్లిన్‌లో తిరుగుబాటు జరిగింది. బ్రిటిష్ వాళ్ళు కాల్చి చంపిన నాయకుల్లో కవులు కూడా ఉన్నారు. వాళ్ళని మెచ్చుకుంటూ కజిన్స్ వ్యాసం రాశాడు. అసలే ప్రభుత్వం కన్ను ఆ పత్రిక మీద ఉంది. ఉద్యోగం పోయింది. అప్పుడు దొరికింది మదనపల్లె కాలేజీ, మా పెద్దపంజాణి నుంచి పుంగనూరు దాటి వెళ్తే వచ్చే ఇప్పటి బీటీ కాలేజీ. అప్పటికి అది పెట్టి ఏడాదే. మద్రాసు పత్రికాఫీసు నుంచి అక్కడికి పంపడం నా లెక్కలో పనిష్మెంటే. ఆయన మాత్రం ఇంగ్లీషు పాఠాలు చెబుతూ ప్రిన్సిపాల్ అయ్యాడు.

1917లో హోంరూల్ ఉద్యమంలో కాలేజీ వాళ్ళు పాల్గొన్నారని మద్రాసు యూనివర్సిటీ గుర్తింపు తీసేసింది. ఇక్కడే నేను ఆగిపోతాను. గుర్తింపు లేని కాలేజీలో చదివే పిల్లల సంగతేంటి? మనకి ఒక్క బ్యాక్‌లాగ్ ఉంటేనే ప్లేస్‌మెంట్ టెన్షన్. కాలేజీ మూతపడలేదు, అనిబిసెంట్ వాళ్ళ నేషనల్ యూనివర్సిటీ కిందికి వెళ్ళింది. దానికి ఛాన్సలర్ రవీంద్రనాథ్ ఠాగూర్.

ఆ ఠాగూరే 1919లో మదనపల్లె వచ్చి కొన్ని రోజులున్నాడు. జనగణమన పాడి వినిపించాడు. ఫిబ్రవరి 28న దాన్ని ఇంగ్లీషులోకి మార్చి రాశాడు. మార్గరెట్ స్వరాలు రాసిపెట్టింది. ట్యూన్ మా మదనపల్లెలోనే పుట్టిందని మావాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు గానీ, 1911లోనే కలకత్తాలో ఆ పాట పాడారు. ఇక్కడ జరిగింది రాసిపెట్టడం. నాకైతే అది తక్కువేం కాదు.

అదే ఏడాది ఆయన జపాన్ వెళ్ళి కియో యూనివర్సిటీలో పాఠాలు చెప్పాడు. తిరిగొచ్చాక ఎన్నో పనులు చేశాడు. తిరువనంతపురంలో 1935లో మొదలైన శ్రీచిత్ర ఆర్ట్ గ్యాలరీ వెనక కూడా ఆయనే ఉన్నాడు. 1930ల్లో మళ్ళీ వచ్చి అదే కాలేజీకి ప్రిన్సిపాల్‌గా చేశాడు. ఈసారి ఆయన్ని ఎవరూ పనిష్మెంట్ మీద పంపలేదు.

1954లో మార్గరెట్ పోయింది. రెండేళ్ళకి ఆయన కన్నుమూశాడు, మదనపల్లెలోనే.