రంగు ఆలస్యంగా వస్తే...

ఇంట్లో ఈతకొలను కట్టించుకున్నవాళ్లు నీళ్లు పరీక్షించే కిట్ కొంటే అందులో చిన్న గాజు గొట్టం, మందు చుక్కలో మాత్రలో, ఒక రంగుల కార్డు ఉంటాయి. నీళ్లలో మందు వేయాలి, వచ్చిన రంగును కార్డుతో పోల్చాలి. ఈ ముచ్చట ఇప్పుడు రాజుపాలెం లాంటి చోట్లకూ వస్తోంది. ఏ కిట్ మంచిదని ఎవరైనా అడిగితే నాకు యల్లాప్రగడ సుబ్బారావు గుర్తొస్తారు. మందులు కనిపెట్టిన మహానుభావుడిగా ఆయన మనందరికీ తెలుసు. ఆయనకు తొలి పేరు తెచ్చింది మాత్రం మందు కాదు, రంగు చూసి కొలిచే పరీక్ష.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చదువు సాఫీగా సాగలేదు. మెట్రిక్ మూడోసారికి గట్టెక్కారు. అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో రోజుల వ్యవధిలో చనిపోయారు. ఆ జబ్బు ఆయన్నీ పీడిస్తే ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టి సర్జరీ ప్రొఫెసర్‌కు కోపం తెప్పించారు. ఫలితంగా చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, అంతకంటే చిన్నదైన ఎల్‌ఎంఎస్. తర్వాత బోస్టన్ చేరారు. మళ్లీ స్వదేశం చూడలేదు. పగలు హార్వర్డ్‌లో చదువు, పొట్టకోసం రాత్రి ఆసుపత్రిలో కింది పనులు.

అక్కడ సైరస్ ఫిస్కే ప్రయోగశాలలో ఆయనకు అప్పగించిన పని రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ కొలవడం. అప్పటికున్న పద్ధతుల్లో రంగు నెమ్మదిగా వచ్చేది, నమ్మకంగా నిలిచేది కాదు. 1925లో ఇద్దరూ కొత్త పద్ధతి ప్రచురించారు. నమూనాకు ఆమ్లం, మాలిబ్డేట్ చేర్చి, ఇంకో రసాయనం కలిపితే నిమిషాల్లో నీలం రంగు వస్తుంది. దాన్ని తెలిసిన మోతాదు ద్రావణం రంగుతో పోలుస్తారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని ఇప్పటికీ వైద్య విద్యార్థులు చదువుతారు.

నాకు అసలు ఆశ్చర్యమనిపించేది ఆ తర్వాతి సంగతి. కండరాల నుంచి తీసిన ద్రవంలో నీలం రంగు రావలసినంత వేగంగా రాలేదు, కొంచెం కొంచెంగా ముదిరింది. ఇంకొకరైతే మందు పాడైందని పారబోసేవారేమో. వీళ్లు గడియారం పెట్టుకుని చూశారు. దేనితోనో ముడిపడి ఉన్న ఫాస్ఫేట్ మెల్లగా విడివడుతోందని తేలింది. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927లో లోకానికి చెప్పారు. 1929లో ఏటీపీ. కండరం కదలడానికి శక్తి ఎక్కడిదో అర్థం కావడానికి ఇవి రెండూ పునాదులు.

హార్వర్డ్ మాత్రం ఆయనకు శాశ్వత పదవి ఇవ్వలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లారు. ఫోలిక్ ఆమ్లం తయారీ, పిల్లల లుకేమియాపై వాడిన అమినోప్టెరిన్, ఆరియోమైసిన్, ఫైలేరియాకు ప్రభుత్వం పంచే డీఈసీ మాత్ర, అన్నీ అక్కడి ఆయన బృందం నుంచి వచ్చినవే. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే నిద్రలో కన్నుమూశారు.

ఇక కిట్ సంగతి. కొలను నీళ్లలోనూ ఇలాంటి ముడే ఉంది. చెమట, మూత్రంతో కలిసిన క్లోరిన్ క్లోరమిన్‌గా మారుతుంది. అది క్రిములను చంపడంలో బలహీనం, కళ్లు మండించడంలో ఘనం. పంచాయతీ నీళ్లకు వాడే క్లోరోస్కోప్‌లోని ఆర్థోటాలిడిన్ పసుపు రంగు ఈ రెంటినీ కలిపే చూపిస్తుంది. పైగా ఆ రసాయనం చేతికి తగలడం మంచిది కాదు. అందుకే కొలనుకు డీపీడీ మాత్రల కిట్ తీసుకోమంటాను. మొదటి మాత్రకు వెంటనే వచ్చే గులాబీ రంగు స్వేచ్ఛగా ఉన్న క్లోరిన్. అది లీటరుకు 1 నుంచి 3 మిల్లీగ్రాములు ఉండాలి. ఆలస్యం చేస్తే క్లోరమిన్ కూడా రంగు చేరుస్తుంది, లెక్క తప్పుతుంది. క్లోరిన్ మరీ ఎక్కువైతే గులాబీ రంగే వెలిసిపోతుంది, అసలు లేదనుకుని ఇంకా పోస్తారు. అనుమానం వస్తే నమూనాను డిస్టిల్డ్ వాటర్‌తో పలచన చేసి మళ్లీ చూడండి.

పీహెచ్ కూడా చూడాలి, 7.2 నుంచి 7.8 మధ్య. 8 దగ్గరకు వెళ్తే క్లోరిన్‌లో పావు వంతే చురుగ్గా పనిచేస్తుంది. రోజువారీ చూపుకి స్ట్రిప్పులు చాలు, డబ్బా మూత తేమ తగలకుండా బిగించాలి. రంగును పగటి వెలుతురులో, తెల్ల కాగితం ముందు పెట్టి చూడండి. పరీక్షించిన నీళ్లు తిరిగి కొలనులో పోయకండి.