ఆర్చీ కాక్రేన్

ఆర్చిబాల్డ్ లెమన్ కాక్రేన్ (జనవరి 12, 1909 - జూన్ 18, 1988) స్కాట్లాండుకు చెందిన వైద్యుడు, ఎపిడెమియాలజిస్టు. ఏ చికిత్సనైనా వైద్యుల నమ్మకాన్ని బట్టి కాక, దానికి గల సాక్ష్యం ఎంత బలమైనదో పరిశీలించి అనుసరించాలని వాదించినవారిలో ముఖ్యుడు.

జననం, విద్య

కాక్రేన్ స్కాట్లాండులోని గాలాషీల్స్‌లో జన్మించాడు. కేంబ్రిడ్జిలోని కింగ్స్ కాలేజీలోను, లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ హాస్పిటల్‌లోను చదివాడు. మధ్యలో స్పెయిన్ అంతర్యుద్ధానికి వెళ్ళి అంబులెన్సు దళంలో పనిచేశాడు. 1938లో వైద్యపట్టా పొందాడు.

యుద్ధఖైదీగా

రెండవ ప్రపంచయుద్ధంలో, 1941లో, క్రీట్ ద్వీపంలో జర్మన్లకు పట్టుబడ్డాడు. గ్రీసులోని సలోనికా శిబిరంలో తోటి ఖైదీలకు వైద్యం చేసేవాడు. చాలీచాలని తిండి వలన అనేకమందికి కాళ్ళు నీరు పట్టి వాచాయి. కాక్రేన్ 20 మంది రోగులను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఈస్టు, మరొక జట్టుకు విటమిన్ సి ఇచ్చాడు. నాలుగు రోజులలో ఈస్టు తీసుకున్నవారు కొంత కోలుకున్నారు. ఈ ఫలితం చూపి అడుగగా జర్మన్లు శిబిరానికి ఈస్టు సరఫరా చేశారు. ప్రాణాలు నిలిపినా ఈ ప్రయోగం బలహీనమైనదని తరువాత కాక్రేనే విమర్శించాడు. రోగుల సంఖ్య స్వల్పం, గడువు తక్కువ, తాను ఊహించిన కారణం కూడా సరైనది కాదు.

పరిశోధనలు

యుద్ధానంతరం లండన్‌లో ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ బోధనలతో ప్రభావితుడయ్యాడు. రోగులను యాదృచ్ఛికంగా జట్లుగా విభజించి చికిత్సలను పోల్చే పద్ధతి ప్రాముఖ్యాన్ని ఆయన వద్దనే గ్రహించాడు. 1948 నుండి వేల్స్‌లో బొగ్గుగని కార్మికుల ఊపిరితిత్తుల వ్యాధులపై పరిశోధించాడు. 1960లో కార్డిఫ్‌లో ఆచార్యుడయ్యాడు. 1972లో వెలువడిన ఎఫెక్టివ్‌నెస్ అండ్ ఎఫిషియెన్సీ అనే గ్రంథం ఇతనికి ఖ్యాతి తెచ్చింది. ప్రయోగ ఫలితాలన్నిటినీ శాఖలవారీగా క్రోడీకరించి, ఎప్పటికప్పుడు సవరించే ఏర్పాటు లేకపోవడాన్ని 1979లో విమర్శించాడు.

ప్రభావం

ఇతని మరణానంతరం, 1993లో, ఇయాన్ ఛామర్స్ తదితరులు కాక్రేన్ కొలాబొరేషన్‌ను స్థాపించారు. నెలలు నిండక ప్రసవించబోయే తల్లులకు స్టెరాయిడ్లు ఇచ్చి చేసిన ఏడు ప్రయోగాల చిత్రమే దాని చిహ్నం. విడివిడిగా చూస్తే వీటిలో చాలావరకు సందేహం తీర్చవు. కలిపి చూస్తే శిశుమరణాలు తగ్గుతాయని స్పష్టమవుతుంది. ఆ సంగతి సకాలంలో అందక ఎందరో శిశువులు మరణించారు.

2000లో మొదలైన గ్రేడ్ పద్ధతి సాక్ష్యాన్ని అధికం, మధ్యమం, తక్కువ, అతి తక్కువ అని నాలుగు స్థాయిలుగా విభజిస్తుంది. యాదృచ్ఛిక ప్రయోగాలు అధిక స్థాయి నుండి మొదలైనా, నిర్వహణ లోపాలు, పొసగని ఫలితాలు, స్వల్పసంఖ్య వంటి కారణాల వలన స్థాయి తగ్గుతుంది. సలోనికా ప్రయోగంలో కాక్రేన్ ఎత్తిచూపిన స్వల్పసంఖ్య అటువంటి లోపమే.