ఇనుప గుర్రానికి గాలి కళ్ళెం

తార్నాక నివాసులకు రైలు కూత కొత్త కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంతాన్ని ఒరసుకొని సాగే పట్టాలపై ఆర్ట్స్ కాలేజి, జామై ఉస్మానియా స్టేషన్లున్నాయి. చేరువనే లాలాగూడాలో నిజాం కాలపు రైల్వేవారు 1893లో నెలకొల్పిన వర్క్‌షాపు ఉన్నది. వేగంగా వచ్చిన బండి ప్లాట్‌ఫారం వద్ద ఒదిగి నిలవడం మనకు వింతగా తోచదు. ఆ సామాన్య దృశ్యం వెనుక ఒక అసామాన్యుని కృషి దాగి ఉన్నది. ఆయనే జార్జి వెస్టింగ్‌హౌస్.

ఆయన 1846 అక్టోబరు 6న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో, సెంట్రల్ బ్రిడ్జి అనే గ్రామంలో జన్మించాడు. తండ్రి వ్యవసాయ యంత్రాలు తయారుచేసేవాడు. ఆ కార్ఖానాయే బాలునికి తొలి పాఠశాల. అంతర్యుద్ధంలో ఉత్తరాది పక్షాన సైన్యంలోను, నౌకాదళంలోను పనిచేశాడు. తరువాత యూనియన్ కాలేజీలో చేరి కొద్ది నెలలకే విడిచిపెట్టాడు. 1865లో, పందొమ్మిదో ఏట, రోటరీ ఆవిరి యంత్రానికి పేటెంటు పొందాడు.

ఆ రోజుల్లో రైలును ఆపడం ప్రాణాలతో చెలగాటం. ఇంజను కూత వినగానే బ్రేకుమన్లు పెట్టెల మీదికెక్కి, ఒక్కొక్క చక్రాన్నీ చేతులతో తిప్పి బిగించాలి. మంచులో, వానలో కాలుజారి అసువులు బాసిన కార్మికులెందరో! ఒకనాడు రెండు గూడ్సు బండ్లు ఢీకొన్న దృశ్యం ఈ యువకుణ్ణి కలచివేసింది. ఆల్ప్స్ పర్వతాల్లో సొరంగం తొలిచే యంత్రాలను సంపీడిత వాయువుతో నడుపుతున్నారని పత్రికలో చదివాడు. కొండను తొలిచే గాలి బండిని ఆపలేదా అన్న ఆలోచన మొలకెత్తింది. 1869లో, ఇరవై రెండేళ్ళ ప్రాయంలో, గాలి బ్రేకుకు పేటెంటు పొందాడు.

అయితే అందులో ఒక లోపమున్నది. గాలిగొట్టం పగిలితే బ్రేకులే ఉండవు. తన సృష్టిలోని దోషాన్ని తానే సరిదిద్దుకోవడం ఆయన గొప్పతనం. 1872 నాటి కొత్త ఏర్పాటులో ప్రతి పెట్టె క్రిందా ఒక గాలితొట్టి అమర్చాడు. గొట్టంలో ఒత్తిడి ఉన్నంతసేపూ బ్రేకులు వదులుగా ఉంటాయి; ఒత్తిడి తగ్గగానే తొట్టిలోని గాలి సిలిండరులోకి దూకి చక్రాలను బిగిస్తుంది. బండి తెగినా, గొట్టం పగిలినా రైలు తనంతట తానే ఆగుతుంది. నేటి లిఫ్టులలో, క్రేనులలో ఇదే నీతి కనబడుతుంది: విద్యుత్తు ఉన్నంతసేపే బ్రేకు విడిచి ఉంటుంది, అది పోగానే స్ప్రింగు డ్రమ్మును పట్టుకొంటుంది.

లాలాగూడా వర్క్‌షాపు వెలసిన 1893లోనే అమెరికా ప్రభుత్వం రైళ్ళకు ఇట్టి బ్రేకులను తప్పనిసరి చేస్తూ శాసనం చేసింది. మన దేశంలో చిరకాలం వాక్యూమ్ బ్రేకులే రాజ్యమేలాయి. తరువాత గాలి బ్రేకులు వాటి స్థానాన్ని ఆక్రమించాయి.

వెస్టింగ్‌హౌస్ ఏసీ విద్యుత్తు వ్యాప్తికీ పాటుపడ్డాడు. 1895లో నయాగరా వద్ద తిరిగిన జనరేటర్లు ఆయన సంస్థవే. 1907 నాటి ఆర్థిక సంక్షోభంలో ఆ విద్యుత్ సంస్థపై ఆధిపత్యం చేజారింది. 1914 మార్చి 12న కన్నుమూశాడు.

విద్యార్థులారా! వేగాన్ని లోకం వేనోళ్ళ పొగడుతుంది. కాని ఆగనేర్వని వేగం వినాశహేతువు. ఆపద వచ్చినప్పుడు దానంతట అదే రక్షణగా మారే ఏర్పాటును యంత్రంలో నిలిపినవాడు వెస్టింగ్‌హౌస్. ఈసారి ఆర్ట్స్ కాలేజి స్టేషనులో బండి ఆగి, బుస్సుమని గాలి వదిలినప్పుడు ఒక్క క్షణం ఆయనను స్మరించండి.