చార్లీ చాప్లిన్: ఆయన చిత్రములలో మేటి యేది?

చలనచిత్రములందు అభిరుచి గలవారు నలుగురు ఒకచోట చేరినచో చార్లీ చాప్లిన్ చిత్రములలో మేటి యేది యను ప్రశ్న రాక మానదు. ఆకలిని నవ్వుగా మార్చిన ‘ది గోల్డ్ రష్’ అని ఒకరందురు. యంత్రయుగమును ఎండగట్టిన ‘మోడర్న్ టైమ్స్’ అని మరియొకరందురు. నియంతను ఎదిరించిన ‘ది గ్రేట్ డిక్టేటర్’ అని వేరొకరు పట్టుబట్టుదురు. ఈ వివాదము ఆయన జీవించియున్న కాలముననే పుట్టెను. ఆయన గతించి దాదాపు అర్ధశతాబ్దమైనను తీరలేదు. ఆ చిత్రములను తూచుటకు తగిన తక్కెడ ఆయన బాల్యముననే దొరకును. కావున మొదట ఆ జీవితమును తెలిసికొనుట మంచిది.

చాప్లిన్ 1889వ సంవత్సరము ఏప్రిల్ 16వ తేదీన లండను నగరమున జన్మించెను. తండ్రి చార్లెస్, తల్లి హన్నా ఇరువురును వినోదశాలలలో పాటలు పాడి జీవించువారు. తండ్రి మద్యమునకు లోబడి కుటుంబమునకు దూరమై 1901లో కన్నుమూసెను. తల్లికి గొంతు చెడెను. ఒకనాడు వేదికపైననే ఆమె స్వరము పెగలకపోగా, ఐదేండ్ల చార్లీని ఆమెకు మారుగా నిలువబెట్టిరి. బాలుడు పాడుచుండగా ప్రేక్షకులు నాణెములు విసరిరి. వానిని ఏరుకొనిన పిమ్మటనే మిగిలిన పాట పాడుదునని ఆతడు చెప్పగా సభ యెల్ల నవ్వెనట. అదియే ఆయన తొలి ప్రదర్శనము. అదియే తల్లి కళాజీవితమునకు దాదాపు తుది ఘట్టము.

తల్లి కుట్టుపని చేసి పిల్లలను పోషింప యత్నించెను గాని సాగలేదు. 1896లో ఆమెయు, చార్లీయు, అన్న సిడ్నీయు లాంబెత్‌లోని పేదల శరణాలయమున చేరవలసివచ్చెను. అచ్చటినుండి పిల్లలను హాన్వెల్‌లోని అనాథ పాఠశాలకు పంపిరి. తరువాత తల్లికి మతి చలించి ఆమెను చికిత్సాలయమున చేర్చిరి. చదువుకొనవలసిన వయసులో ఆ బాలుడు పొట్టకూటికై వీథులబడెను.

ఆ దినములనాటి ఒక సంఘటనను ఆయన తన స్వీయచరిత్రమున చెప్పెను. వారి వీథి చివర ఒక కబేళా యుండెను. ఒకనాడు ఒక గొఱ్ఱె తప్పించుకొని పరుగులు తీసెను. పట్టబోయినవారు తొట్రుపడుచుండగా చూచువారందరును పకపక నవ్విరి, చార్లీయు నవ్వెను. తుదకు గొఱ్ఱె చిక్కెను. దానిని మరల కబేళాకు కొనిపోవుచుండగా, జరుగబోవునదేమో తోచి, బాలుడు ఏడ్చుచు తల్లియొద్దకు పరుగెత్తెను. నవ్వును, శోకమును ఒక్క సంఘటనమున కలిసియుండునను ఆ అనుభవమే తన చిత్రములకు పునాది యయ్యెనేమో యని ఆయన ముదిమిలో తలపోసెను. ఏ చిత్రమున ఈ రెండును విడదీయరానంతగా కలిసిపోయినవో అదియే ఆయన మేటి చిత్రమనుట న్యాయము.

బాలనటుడుగా నాటకములలో తిరిగిన చాప్లిన్ 1908లో ఫ్రెడ్ కార్నో ప్రహసన బృందమున చేరి, ఆ బృందముతో అమెరికాకు వెళ్లెను. 1914లో మాక్ సెనెట్ నడుపు కీస్టోన్ సంస్థలో వారమునకు 150 డాలర్ల జీతమునకు సినిమా నటుడయ్యెను. ఆ సంవత్సరముననే ఆ వేషము పుట్టెను: ఇరుకు కోటు, వదులు లాగు, పెద్ద బూట్లు, చిన్న టోపీ, చేతికఱ్ఱ, చిట్టి మీసము. కడుపునకు లేకున్నను మర్యాద విడువని దేశదిమ్మరి యాతడు. లోకమంతయు ఆ దిమ్మరిని తనవానిగా చేసికొనెను. 1916 నాటికి మ్యూచువల్ సంస్థ చాప్లిన్‌కు ఏడాదికి 6,70,000 డాలర్లు ఇచ్చుటకు ఒడంబడెను. 1919లో ఆయన మేరీ పిక్‌ఫర్డ్, డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్, గ్రిఫిత్‌లతో కలిసి యునైటెడ్ ఆర్టిస్ట్స్ సంస్థను స్థాపించెను.

ఆ ఏడాదియే ఆయన తొలి బిడ్డ పుట్టిన మూడు దినములకే మరణించెను. కొలది కాలమునకే ఆయన ‘ది కిడ్’ చిత్రమునకు పూనుకొనెను. 1921లో వెలువడిన ఆ చిత్రమున దిమ్మరి ఒక అనాథ శిశువును పెంచును. అధికారులు బాలుని అనాథాశ్రమమునకు కొనిపోవుచుండగా ఇండ్ల కప్పులపై పరుగెత్తి కాపాడును. హాన్వెల్‌లో గడిపిన బాలుడే ఆ దృశ్యమును అట్లు తీయగలడు. 1925 నాటి ‘ది గోల్డ్ రష్’లో మంచులో చిక్కిన దిమ్మరి తన బూటును ఉడికించి విందువలె ఆరగించును. మేకులను ఎముకలవలె చప్పరించును. అతిమధురముతో చేయించిన ఆ బూటును చూచి నవ్వనివారు లేరు. అయినను కథాంతమున దిమ్మరి కోటీశ్వరుడగును. అదృష్టము కష్టమును తుడిచివేయును.

1931లో గాంధీ మహాత్ముడు రౌండ్ టేబిల్ సమావేశమునకై లండను వెళ్లినప్పుడు చాప్లిన్ ఆయనను పేదలు నివసించు పేటలోని ఒక చిన్న యింట దర్శించెను. యంత్రములపై మహాత్మునికి గల అభ్యంతరమేమని అడిగెను. యంత్రముల మూలమున భారతదేశము ఆంగ్లేయులపై ఆధారపడవలసివచ్చిన తీరును మహాత్ముడు వివరించెను. అయిదేండ్లకు వెలువడిన ‘మోడర్న్ టైమ్స్’కు ఈ సంభాషణ మొక్కటియే కారణమనుట అతిశయోక్తి యగును, 1929 తరువాత అమెరికాను ముంచిన నిరుద్యోగమును ఆయన కన్నులార చూచెను. మరలు బిగించి బిగించి తానే మరగా మారిన కార్మికుని అందు ఆయన చూపెను.

1940 నాటి ‘ది గ్రేట్ డిక్టేటర్’ సాహసమునకు సాటి లేదు. హిట్లరు చాప్లిన్‌కంటె నాలుగు దినములు చిన్నవాడు. అమెరికా ఇంకను యుద్ధమున దిగకముందే ఆయన ఆ నియంతను నవ్వులపాలు చేసెను. చిత్రాంతమున క్షౌరకుడు చేయు దీర్ఘోపన్యాసము కళకు లోపమని కొందరును, అదియే చిత్రమునకు ప్రాణమని కొందరును వాదింతురు. అచ్చట మాటలాడునది పాత్ర కాదు, చాప్లినే యనుట మాత్రము సత్యము. ఆ కాలమునకు ఆ మాట అవసరమే. కాని గొఱ్ఱెను చూచి నవ్వి యేడ్చిన బాలుడు అందు కొంత వెనుకబడెను.

ఈ తక్కెడలో మొగ్గు చూపునది 1931 నాటి ‘సిటీ లైట్స్’. అప్పటికే సినిమాకు మాట వచ్చెను. అయినను చాప్లిన్ సంభాషణలు లేకయే, తాను కూర్చిన సంగీతముతో ఆ చిత్రమును తీసెను. పూలమ్ము అంధబాలిక ఆ దిమ్మరిని ధనవంతుడని భ్రమపడవలెను. ఆ భ్రమను మాటలు లేక ఎట్లు కలిగించుట? ఆ యొక్క దృశ్యమును ఆయన 300 పర్యాయములకు పైగా చిత్రీకరించెను. నటి వర్జీనియా చెరిల్‌ను నడుమ తొలగించి మరల పిలిచెను. పనిలో ఆయన అంత కఠినుడు. తుదకు కారు తలుపు మూసిన చప్పుడు దారి చూపెను. ఆ శబ్దమును విని బాలిక ఆతడు కారుగల దొర యనుకొనును. దిమ్మరి ఆ భ్రమను చెరుపలేక, ఆమె కంటి చికిత్సకు ధనము తెచ్చియిచ్చి, దొంగతనము మోపబడి చెరసాల పాలగును. చూపు వచ్చిన బాలిక చింపిరిబట్టల దిమ్మరిని చూచి మొదట నవ్వును; జాలిపడి నాణెమిచ్చుచు చేయి తాకి, తన ఉపకారి యెవరో ఆ స్పర్శచేత గుర్తించును. తరువాత ఏమగునో చిత్రము చెప్పదు. కోటీశ్వరత్వము లేదు, ఉపన్యాసము లేదు. నవ్వెచ్చట ముగిసెనో, కన్నీరెచ్చట మొదలయ్యెనో చూచువానికి తెలియదు.

తరువాతి దినములు ఆయనకు సుఖముగా సాగలేదు. వివాహములు, వ్యాజ్యములు అపకీర్తి తెచ్చెను. సామ్యవాదులయెడ సానుభూతి గలదను అనుమానము ప్రబలెను. 1952లో ‘లైమ్ లైట్’ ప్రదర్శనకై లండనుకు ఓడలో పోవుచుండగా అమెరికా ప్రభుత్వము ఆయన పునఃప్రవేశానుమతిని రద్దుచేసెను. నాలుగు దశాబ్దములు శ్రమించిన దేశమును విడిచి ఆయన భార్య ఊనాతోను, బిడ్డలతోను స్విట్జర్లండులో స్థిరపడెను. 1972లో గౌరవ ఆస్కారు నందుకొనుటకు మరల అమెరికా వెళ్లినప్పుడు సభ యావత్తు లేచి నిలిచి చాలసేపు కరతాళధ్వనులు చేసెను. 1975లో ఇంగ్లండు రాణి ఆయనకు సర్ బిరుదమిచ్చెను. 1977 డిసెంబరు 25వ తేదీన, 88వ యేట, ఆయన నిద్రలోనే తుదిశ్వాస విడిచెను.

మేటి చిత్రమేదను వాదము ఇకముందును సాగును, సాగవలెను. ఆకలిగొన్నవానికి ‘గోల్డ్ రష్’, పని కోల్పోయినవానికి ‘మోడర్న్ టైమ్స్’, స్వేచ్ఛ కోల్పోయినవానికి ‘గ్రేట్ డిక్టేటర్’ దగ్గరగా తోచుట సహజము. కాని పేదవానిని చూచి నవ్విన చేయియే మరునిమిషమున ఆతని చేతిని గుర్తించి పట్టుకొనుట ‘సిటీ లైట్స్’లో మాత్రమే కలదు.