ఓటమినాడు తోడుండిన యజమాని: ఆర్ట్ రూనీ చరిత్రము

అమెరికా సంయుక్త రాష్ట్రములలో పెన్సిల్వేనియా రాష్ట్రమునందు పిట్స్‌బర్గు అను పట్టణము గలదు. అచ్చట అలెఘెనీ, మొనాంగహేలా అను రెండు నదులు కలిసి ఒహాయో నదిగా సాగును. బొగ్గును ఉక్కును ఆ పట్టణమునకు చిరకాలము జీవనాధారములు. దానికి చేరువనున్న పెన్‌హిల్సులో 1970వ దశకమున శ్రీ వేంకటేశ్వరస్వామి ఆలయము వెలసినది గావున మనవారికి ఆ పేరు బొత్తిగా కొత్త కాదు. అదే దశకమున ఆ పట్టణమంతయు ఒక వృద్ధుని సంతోషమును తన సంతోషముగా జరుపుకొనెను. ఆయన పేరు ఆర్థర్ జోసెఫ్ రూనీ. ఆర్ట్ రూనీ యనియే ప్రసిద్ధుడు.

ఆయన 1901వ సంవత్సరము జనవరి 27వ తేదీన కోల్టర్‌విల్ అను చిన్న యూరిలో ఐరిష్ సంతతికి చెందిన క్యాథలిక్ కుటుంబమున జన్మించెను. తండ్రి పిట్స్‌బర్గు ఉత్తర భాగమున మద్యశాల నడుపుచుండెను, మేడమీద కాపురము. ఇరుగుపొరుగంతయు కూలిజనము. బాలుడు ముష్టియుద్ధమునను బేస్‌బాలునందును ఆరితేరి, యౌవనమున తోటివారిని కూడగట్టి ఫుట్‌బాలు పక్షము నొకదానిని నడపెను. దానికి హోప్ హార్వే యని పేరు. హోప్ యనునది వారికి బట్టలు మార్చుకొనుటకు చోటిచ్చిన అగ్నిమాపక కేంద్రము పేరు. హార్వే గాయములకు కట్లు కట్టిన వైద్యుని పేరు. ఉపకారము చేసినవారిని మరువకుండుట ఆయనకు ఆనాటినుండియే యలవాటు.

అమెరికనులు ఫుట్‌బాలని పిలుచునది మన బడిపిల్లలు కాలితో తన్ను బంతియాట కాదు. కోడిగ్రుడ్డువలె కోలగా నుండు బంతిని చేతబట్టి పరుగెత్తుదురు, లేదా తోటివానికి విసరుదురు. ఎదుటివారు చెడుగుడులోవలె వానిని పట్టి నేలగూల్తురు. పక్షమునకు పదునొకండుగురు. నాలుగు ప్రయత్నములలో పది గజములు ముందునకు సాగనిచో బంతి ఎదిరిపక్షము పాలగును.

1933లో రూనీ 2,500 డాలర్లు చెల్లించి జీతగాండ్రతో ఆడు జాతీయ ఫుట్‌బాలు సంఘమున తన పట్టణమునకొక స్థానము కొనెను. గుఱ్ఱపు పందెమున గెలిచిన సొమ్ముతో కొనెనని లోకులు చెప్పుకొను కథ గలదుగాని, తేదీలు సరిచూచిన అది నిలువదు. ఆ పెద్ద గెలుపు కొన్నియేండ్ల పిమ్మటిది. పందెములు మాత్రము ఆయన జీవితాంతము మానలేదు. ఇది మెచ్చదగిన గుణము కాదు. ధర్మరాజునకే తప్పని వ్యసనము రూనీకి ఏల తప్పవలెనని సరిపెట్టుకొనవలసినదే.

పక్షమునకు మొదట పైరేట్స్ అనియు 1940నుండి స్టీలర్స్, అనగా ఉక్కువారు, అనియు పేరు. పేరు మారెనుగాని రాత మారలేదు. ఓటములకంటె గెలుపులెక్కువైన మొదటి యేడు 1942. యుద్ధకాలమున ఆటగాండ్రు చాలక 1943లో ఫిలడెల్ఫియా పక్షముతోను, 1944లో చికాగో కార్డినల్స్‌తోను కలిసి ఆడవలసివచ్చెను. ఆ రెండవయేడు పది యాటలలో పదియు ఓడిరి. 1933 మొదలు 1971 వరకు ముప్పదితొమ్మిదేండ్ల లెక్క తీసిన, తుది పోటీలలో ఒక్క గెలుపైనను జమకట్టుటకు లేదు.

దోషమంతయు విధిదే యనరాదు. రూనీ స్నేహితులను శిక్షకులుగా నియమించి, పని తెలియకున్నను పొమ్మనలేకపోయెను. 1955లో ఆయన శిక్షకుడు వలదని పంపివేసిన జానీ యునైటాస్ అను యువకుడు బాల్టిమోరు చేరి ఆ యాటలోనే మేటి యనిపించుకొనెను. అంతకంటె బరువైనది మరియొకటి గలదు. 1934నుండి 1945వరకు ఆ సంఘమున నల్లజాతి ఆటగాండ్రకు చోటే లేకుండెను. రూనీ పక్షము దానికి మినహాయింపు కాలేదు.

పిమ్మటి నడవడి వేరు. 1956లో లోవెల్ పెర్రీ యను నల్లజాతి యువకుడు తీవ్రముగ గాయపడి ఆటకు దూరము కాగా, మరుసటి యేడు రూనీ వానిని శిక్షకులలో నొకనిగా నియమించెను. అట్టి నియామకము ఆ కాలమున మిక్కిలి యరుదు. 1960వ దశకము చివర నల్లజాతి కళాశాలల ఆటగాండ్ర నెరిగిన పత్రికారచయిత బిల్ నన్‌ను కొలువులోనికి తీసికొనిరి. తరువాతి విజయములకు పునాది వేసినవారిలో అతడొకడు.

రాకీ బ్లయర్ అను ఆటగాడు 1969లో వియత్నాం యుద్ధమున కాలికి దెబ్బతగిలి ఆసుపత్రిలో నుండగా, పక్షమునకు నీవు కావలెనని రూనీ ఒక కార్డు వ్రాసెను. నడచుటయే కష్టమని వైద్యులు తలచిన ఆ మనుష్యుని, మరుసటి యేడు ఆడలేకున్నను జీతముతో నిలిపియుంచిరి. అతడు కోలుకొని నాలుగు జాతీయ విజయములలో పాలుపంచుకొనెను. లెక్కలు వ్రాయువాడెవడైనను ఆ జీతమును దండుగ పద్దున వ్రాసియుండును.

1969లోనే చక్ నోల్ శిక్షకుడయ్యెను. మొదటియేడు పదునాలుగు యాటలలో గెలిచినది ఒక్కటే. అప్పటికి వ్యవహారములు పెద్దకుమారుడు డాన్ చూచుచుండెను. తండ్రీకొడుకులు నోల్‌ను తొలగింపలేదు. ఈ మారు వారి యోర్పు సరియైన మనుష్యునిపై నిలిచెను.

1972 డిసెంబరు 23న పిట్స్‌బర్గులో ఓక్లండు రైడర్స్‌తో తుది పోటీలలోని యాట జరిగెను. ఇరువదిరెండు సెకండ్లు మిగిలియుండగా స్టీలర్స్ 6, రైడర్స్ 7. మిగిలినది నాలుగవ ప్రయత్నము. డెబ్బదియొకటేండ్ల రూనీ ఇక ఓటమి నిశ్చయమని యెంచి, పిల్లలు తలలు వంచుకొని వచ్చునప్పటికి వారి గదిలో నుండి ఓదార్పవలెనని లిఫ్టులో క్రిందికి బయలుదేరెను. ఆ క్షణముననే బ్రాడ్‌షా విసరిన బంతి ఆటగాండ్రు ఢీకొనుటతో వెనుకకు ఎగిరి, నేల తాకబోవునంతలో ఫ్రాంకో హారిస్ చేత చిక్కెను. అతడు దానితో గమ్యమువరకు పరుగెత్తెను. 13కు 7. నాలుగు దశాబ్దములు వేచిన తొలిగెలుపును లక్షలమంది పిమ్మట చిత్రములలో మరల మరల చూచిరి; ఆ యజమాని మాత్రము అది జరుగునప్పుడు చూడలేదు. జనఘోష వినబడినది, సంగతి అచ్చటివారు చెప్పగా తెలిసినది. ఓడినవారివద్దకు పోవుచు గెలుపును చూడక పోగొట్టుకొనినవాడాయన.

1975 జనవరి 12న న్యూ ఆర్లియన్సులో మినిసోటాపై 16-6తో గెలిచి స్టీలర్స్ జాతీయ విజేతలైరి. ఆనాడు పతకపాత్రను తన చేత నందుకొనిన రూనీకి మరి పదునైదు దినములలో డెబ్బదినాలుగేండ్లు నిండనుండెను. 1976, 1979, 1980లలో మరి మూడుమార్లు ఆ గౌరవము లభించెను.

ఇంత జరిగినను ఆయన ఇల్లు మారలేదు. ఉత్తర భాగము క్రమముగ పేదబడి, కలిగినవారు శివారులకు తరలిపోయినను, ఆయన ఆ పాత యింటనే యుండి క్రీడామైదానమునకు నడచిపోవుచుండెను. గడ్డి కోయువారిని సైతము పేరుపెట్టి పలుకరించును, చుట్టలు పంచును, ఎరిగినవారి యింట చావు జరిగిన తప్పక పోవును. భార్య కాథ్లీన్ 1982లో గతించెను. 1988 ఆగస్టులో తన కార్యాలయముననే పక్షవాతమునకు లోనై, 25వ తేదీన ఎనుబదియేడేండ్ల వయసున కన్నుమూసెను. 1990లో మైదానమువద్ద ఆయన శిలావిగ్రహము కాక, కూర్చున్న లోహవిగ్రహము నిలిపిరి. పాత మైదానము 2001లో కూల్చబడగా విగ్రహము క్రొత్తదానివద్దకు చేరెను. ఆ పాత యింట తరువాత కుమారుడు డాన్ కాపురముండెను.