నాట్యకళాప్రపూర్ణ బళ్ళారి రాఘవ

ఓరుగంటి నేలకు నాట్యము క్రొత్త విద్య గాదు. కాకతి గణపతిదేవుని గజసేనాధిపతియగు జాయపసేనాని నృత్తరత్నావళిని రచించెను. పాలకుర్తి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో ఆనాటి ఆటపాటలను కన్నులకు గట్టునట్లు వర్ణించెను. ఐనను పాత్రలు రంగముమీద సంభాషించుకొనుచు కథ నడుపునట్టి నేటితీరు నాటకము తెలుగునాట మిక్కిలి ఆలస్యముగా వెలసినది. 1880లో రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు వ్యవహారధర్మబోధినిని ప్రదర్శింపజేసిరి. ఆ ఏటనే ఆగస్టు 2వ తేదీన అనంతపురము సీమలోని తాడిపత్రిలో రాఘవాచార్యులుగారు జన్మించిరి. వారినే లోకము బళ్ళారి రాఘవయని పిలిచినది.

ఆంధ్రనాటక పితామహుడను ప్రఖ్యాతి గాంచిన ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు వీరికి మేనమామ. బళ్ళారిలో ఆయన సరసవినోదినీ సభను నడుపుచుండగా, అదే ఊర కోలాచలము శ్రీనివాసరావుగారు సుమనోరమ సభను నడిపిరి. ఇద్దరును వకీళ్ళు, ఇద్దరును నాటకకర్తలు. పోటీకి తక్కువ లేదు. అట్టి ఊర పెరిగిన బాలునకు నాటకము ఉగ్గుపాలతో అబ్బినదనుట అతిశయోక్తి గాదు. రాఘవగారు మద్రాసులో చదివి న్యాయవాదియై బళ్ళారికి మరలివచ్చి, ఆ వృత్తిలోను పేరు గడించిరి. నాటకమును మాత్రము బ్రతుకుతెరువుగా జేసికొనలేదు. పగలు కోర్టు, రాత్రి రంగస్థలము.

ఆ కాలపు రంగస్థలము ఎట్లుండెనో తెలియనిదే రాఘవగారి ప్రత్యేకత బోధపడదు. హార్మోనియము శ్రుతిపై పద్యమును గుక్క తిప్పుకొనకుండ సాగదీసినవాడే మహానటుడు. సభవారు వన్సుమోరు అన్నచో, చచ్చి పడియున్న పాత్రయు లేచి పద్యము మరల పాడి, పిమ్మట తిరిగి చచ్చుట కలదు! రాఘవగారికి ఇది రోత పుట్టించెను. ఆంగిక, వాచిక, ఆహార్య, సాత్త్వికములని భరతముని అభినయమును నాలుగు విధములుగ విభజించెను గదా. వాచికమన్నది రాగాలాపన గాదనియు, సాత్త్వికము లేని తక్కిన మూడును ప్రాణములేని బొమ్మలనియు రాఘవగారి నిశ్చయము. వారు పద్యమును మాటవలె పలికిరి; మాటకు నడుమ మౌనమును వాడిరి. పాట వినవచ్చిన జనమునకు ఇది మొదట కొరతగా దోచెను. వారు జంకలేదు.

హిరణ్యకశిపుడు, దుర్యోధనుడు వంటి పాత్రలలో వారు రాక్షసుని గాక మనుష్యుని జూపిరి. కోలాచలమువారి రామరాజు చరిత్రము 1565 నాటి విజయనగర పతనమును గూర్చిన నాటకము. అందు పఠాన్ రుస్తుము వేషము రాఘవగారికి అఖండకీర్తి తెచ్చినది. పరమతస్థుడైన పాత్రకు అంతటి గాంభీర్యమును, వేదనను గల్పించుట ఆ దినములలో సామాన్యము గాదు.

స్త్రీపాత్రల విషయమున వారి పట్టుదల మరియు గొప్పది. ఆనాడు పురుషులే చీరగట్టి స్త్రీవేషములు వేయుచుండిరి. స్థానము నరసింహారావుగారి సత్యభామను జూచినవారు ఆ పద్ధతిని తప్పుపట్టజాలరు; అది వేరొక విద్య, దానికి అదియే సాటి. ఐనను అందరును స్థానమువారు గారు గదా. స్త్రీ హృదయమును స్త్రీయే ప్రకటింపవలెనని రాఘవగారు పట్టుబట్టి, కొమ్మూరి పద్మావతీదేవి వంటి విద్యావతులను రంగస్థలమునకు దెచ్చిరి. గౌరవకుటుంబముల స్త్రీలు ముఖమునకు రంగు పూసికొని పదిమందిలో నిలుచుట అపచారమని తలచు దినములవి. నిందలు తప్పలేదు. ఈ మార్పునకు తగిన నూతన నాటకములును కావలసెను. తరువాతి కాలమున మద్రాసు హైకోర్టు ప్రధానన్యాయమూర్తియైన పి. వి. రాజమన్నారుగారి తప్పెవరిది నాటకమును రాఘవగారు ప్రదర్శించిరి. అందు దేవతలు లేరు, కిరీటములు లేవు. మన యిండ్లలోని దంపతుల సమస్యయే కథావస్తువు.

తెలుగేగాక కన్నడము, హిందీ, ఇంగ్లీషు భాషలలోను వారు నటించిరి. 1927లో గాంధీమహాత్ముడు వారి దీనబంధు కబీరును తిలకించెను. 1928లో ఇంగ్లండునకేగి బెర్నార్డు షాను కలిసికొనిరి.

చలనచిత్రము వారికి అంతగా అచ్చిరాలేదు. 1936లో ద్రౌపదీ మానసంరక్షణములో దుర్యోధనుడుగా నటించిరి. బండా కనకలింగేశ్వరరావుగారు కృష్ణుడు, సురభి కమలాబాయి ద్రౌపది. ఇదే కథతో ఆ ఏటనే ద్రౌపదీ వస్త్రాపహరణమను మరియొక చిత్రము వెలువడి, జనాదరణను అదియే కొల్లగొట్టెను. ఐనను 1939లో గూడవల్లి రామబ్రహ్మముగారు తీసిన రైతుబిడ్డలో నర్సిరెడ్డి పాత్ర వారికి తగినది. అప్పులలో మునిగియు, జమీందారు నిలిపిన మనిషిని కాదని, రైతుల అభ్యర్థికి ఓటు వేసిన సామాన్య కృషీవలుడాతడు. కిరీటధారియై సభలను గడగడలాడించిన నటుడు, తలపాగ చుట్టిన రైతుగా నిలిచెను. చిత్రనిర్మాత చల్లపల్లి రాజావారు తామే జమీందారగుట వింత. ఇతర జమీందారులకు కోపము వచ్చెను. కొన్నిచోట్ల చిత్రము నిషేధింపబడెను. 1949లో జాగీరులు రద్దగువరకు దొరల ఏలుబడిని చవిచూచిన ఓరుగంటి సీమవారికి నర్సిరెడ్డి బాధ పరాయిది గాదు. 1940 నాటి చండికతో వారి చిత్రజీవితము ముగిసెను. మూడు చిత్రములే! నలువది ఏండ్ల రంగస్థల వైభవమున తెరపై మిగిలినది ఇంతమాత్రమే. తక్కినదంతయు చూచినవారి కన్నులలో నుండి, వారితోనే పోయినది.

1946 ఏప్రిల్ 16వ తేదీన బళ్ళారిలో రాఘవగారు కీర్తిశేషులైరి. అది వీరేశలింగము పంతులుగారి జన్మదినము. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు బళ్ళారి మైసూరు పక్షమున చేరెను. ఊరు ఏ రాష్ట్రమునకు పోయినను అచటి తెలుగువారును కన్నడిగులును రాఘవను తమవాడనియే చెప్పుకొనిరి. 1981లో భారత తపాలాశాఖ ఆయన బొమ్మతో బిళ్ళను వెలువరించెను. బళ్ళారిలో రాఘవ కళామందిరము ఆయన పేరనే వెలసినది.