కోడింగ్‌లో క్లాస్, ఆబ్జెక్ట్ అంటే తల తిరుగుతోందా? టోల్ గేట్ దగ్గర దొరికిన ఐడియా ఇది.. ఎవరీ నైగార్డ్?

జావా కోచింగ్‌కు వెళ్లినా, పైథాన్ నేర్చుకున్నా.. కొత్తవాళ్ల బుర్ర తినేసేవి రెండే మాటలు. క్లాస్, ఆబ్జెక్ట్. ఇవేవో అమెరికా కంపెనీల్లో పుట్టాయనుకుంటాం. కాదు, నార్వే రాజధాని ఓస్లోలో పుట్టాయి. వాటి వెనకున్న ఇద్దరిలో ఒకరు క్రిస్టెన్ నైగార్డ్.

1926 ఆగస్టు 27న పుట్టిన నైగార్డ్, 1948లో రక్షణ పరిశోధన సంస్థలో లెక్కల పనికి చేరారు. 1960లో నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్‌కు మారారు. క్యూలు, ఫ్యాక్టరీ పనులు ఎలా సాగుతాయో కంప్యూటర్‌లోనే నడిపి చూడాలన్నది ఆయన పట్టుదల. ప్రోగ్రామింగ్‌లో దిట్ట ఓలె యోహాన్ డాల్ తోడయ్యారు. అలా వచ్చిందే సిములా భాష.

అసలు మలుపు వంతెన మీది టోల్ గేట్ ఉదాహరణతో వచ్చింది. లారీలు, బస్సులు వరుస కట్టాయి. లారీ వేరు, బస్సు వేరు. కానీ రెండూ బండ్లే, రెండూ క్యూలో నిలబడాల్సిందే! మరి ఉమ్మడి విషయాలు ప్రతిదానికీ మళ్లీ రాయడం ఎందుకు? బండి అంటే ఏంటో ఒక్కసారి రాసిపెట్టుకుంటే చాలు.. లారీ, బస్సులకు వాటి ప్రత్యేకతలే కలపొచ్చు. ఆ రాతే క్లాస్. దాన్నిబట్టి తయారయ్యే ఒక్కో బండీ ఒక్కో ఆబ్జెక్ట్. నమూనా ఒకటే, దేని నంబరు దానిదే, దేని బరువు దానిదే. ఇప్పుడు ఇన్‌హెరిటెన్స్ అని చెప్పే పాఠం కూడా ఇదే.

బోర్డు ముందు ఇద్దరి వాదనలు ఏ రేంజ్‌లో ఉండేవంటే.. ఆఫీసులో కొత్తగా చేరిన ఒకరు, ఇద్దరు కొట్టుకుంటున్నారని కంగారుగా చెప్పారట. టెలిఫోన్ ఆపరేటర్ తాపీగా, అది సిములా చర్చేనని సర్దిచెప్పారట. 1967లో సిములా 67 వచ్చింది. కేంబ్రిడ్జ్‌లో దాన్ని వాడిచూసిన బ్యార్న్ స్ట్రౌస్ట్రప్, తర్వాత సి ప్లస్ ప్లస్ తెచ్చారు.

నైగార్డ్‌కు మాత్రం ఓ బెంగ ఉండేది. తన పని యజమానులకే బలమవుతోందా అని. అందుకే 1970ల్లో ఇనుము, లోహ కార్మికుల యూనియన్‌తో కలిసి నడిచారు. కొత్త టెక్నాలజీ తెచ్చేటప్పుడు కార్మికుల మాటా వినాలన్న ఒప్పందాలకు ఆ పని దారివేసింది. యూరోపియన్ యూనియన్‌లో చేరొద్దన్న ఉద్యమానికీ ఆయనే నాయకుడు. 1994 రెఫరెండంలో నార్వే చేరబోమనే తేల్చింది.

ఇద్దరికీ కలిపి 2001 ట్యూరింగ్ అవార్డు దక్కింది. 2002 జూన్ 29న డాల్ కన్నుమూశారు. సరిగ్గా 42 రోజులకు, ఆగస్టు 10న, గుండెపోటుతో నైగార్డ్ కూడా వెళ్లిపోయారు.